పదమూడో ముడి

తాత మంచం పక్కన మేకుకు వేలాడే నార తాడులో ఆ పొద్దున రెండు ముడులు మిగిలి ఉన్నాయి. ఒకటే మిగలాలి. ఇంట్లో ఎవరూ ఇటు చూడడం లేదని తెలుసుకుని, ఆ రెండింటిలో ఒకదాన్ని నేను విప్పేశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదేళ్ళప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. ఏ రోజు ఏ కూర తిన్నానో, బస్సులో ఎవరి పక్కన కూర్చున్నానో కూడా అందులో ఉంటుంది. ఆ రోజు పేజీలో మాత్రం "మావయ్య బండి కడిగాడు" అని ఒక్క వాక్యం ఉంది. అది అబద్ధం కాదు. మావయ్య నిజంగానే బండి కడిగాడు. ఆ పేజీలో లేని మాట వినవలసిన ముసలివాళ్ళు ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇన్నాళ్ళకు నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఒక వాసన. నేను మలాయ్ దేశపు రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, వరసలో లోపలికి పంపడం నా పని. పోయిన వారం సాయంత్రం ఎల్‌ఆర్‌టీలో ఇంటికి వెళ్తుంటే, ఎదురుగా ఒక నడివయసు ఆవిడ కాళ్ళ దగ్గర పెతాయ్ కట్ట పెట్టుకుని కూర్చుంది. అడవిలో పెద్ద చెట్లకు కాసే పొడుగాటి కాయలవి, మెలికలు తిరిగి, చిక్కుడుకాయల్లా ఉంటాయి. లోపలి గింజలు ఇక్కడ అందరూ ఇష్టంగానే తింటారు గాని, తలుపులు మూసిన రైల్లో ఆ వాసన ఎవరికీ నచ్చదు. ఒక్కొక్కరే లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డారు. నేను లేవలేదు. ఆవిడ నా వైపు చూసి, తప్పు చేసినట్టు నవ్వింది. ఎక్కడి నుంచి తెస్తున్నారని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. నేను దిగవలసిన స్టేషను ఎప్పుడు దాటిపోయిందో కూడా చూసుకోలేదు.

తాత ఇల్లు పేరక్ రాష్ట్రంలో, కొండల కింద, రోడ్డు ఆగిపోయే చోట ఉండేది. తారు రోడ్డు అయిపోయాక మట్టి బాట, మట్టి బాట అయిపోయాక ఒక వాగు. వాగు మీద వేసిన దుంగలు దాటితే తాత కొట్టు. దాని వెనకాల ఇక అడవే. ఏడాది చివర పొడుగు సెలవులకు అమ్మా నాన్నా నన్ను ఇపో పట్నం నుంచి అక్కడికి పంపేవాళ్ళు. ఇద్దరూ ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు, ఇంట్లో నన్ను కనిపెట్టుకుని ఉండడానికి మనిషి లేడు. తాత దగ్గర నానమ్మ, మా మేనత్త, ఆవిడ భర్త ఉండేవాళ్ళు. మావయ్య దిగువన ఉన్న పామాయిలు మిల్లులో పని చేసేవాడు.

తాత పుట్టింది మాత్రం బాగన్ దాతుక్ దిక్కున, సముద్రం దగ్గరి కొబ్బరి ఎస్టేటులో. ఇరవై ఏళ్ళప్పుడు ఎస్టేటు మేస్త్రీ నలుగురి ముందు చెంప మీద కొట్టాడట. మర్నాడు పొద్దున తాత ఒక కత్తి, అర బస్తా ఉప్పు, కొంచెం పొగాకు తీసుకుని కొండల వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఈ కథ తాత ఎన్నిసార్లు చెప్పినా చివర అదే మాట అనేవాడు. "పులి తినేస్తాదన్నారు అందరూ. మేస్త్రీ కంటే పులే నయం అనుకున్నాను."

అడవి అంచున గుడిసె వేసుకుని చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఒరాంగ్ అస్లీ వాళ్ళు, అంటే ఈ దేశపు అడవుల్లో అందరికంటే ముందు నుంచి ఉన్నవాళ్ళు, చెట్ల చాటు నుంచి తనను చూస్తున్నారని తాతకు తెలిసేది, కానీ ఎవరూ కనబడేవాళ్ళు కాదు. ఒకరోజు తాత తాను కొట్టిన చెట్టు మొద్దు మీద కాస్త ఉప్పు, కాస్త పొగాకు ఆకులో పెట్టి గుడిసెలోకి వచ్చేశాడు. మర్నాడు ఉప్పు లేదు, పొగాకు లేదు. ఆ చోట ఒక పేము చుట్ట ఉంది. మళ్ళీ ఉప్పు పెట్టాడు. ఈసారి గుగ్గిలం ముద్ద వచ్చింది. అలా నెలల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడకుండా బేరం సాగింది. వాళ్ళు పెట్టింది తక్కువని తాత ఎప్పుడూ వదిలెయ్యలేదు. వాళ్ళూ అంతే. ఒకసారి తాత జ్వరంతో నాలుగు రోజులు లేవలేకపోయాడు. కళ్ళు తెరిచేసరికి తన ఈడు కుర్రవాడు ఒకడు పక్కన కూర్చుని కాల్చిన కర్రపెండలం చిదిపి నోట్లో పెడుతున్నాడట.

ఆయనే తరవాత వాళ్ళ ఊరికి పెద్ద అయ్యాడు. పెద్దను వాళ్ళు బాతిన్ అంటారు. నేను బాతిన్ తాత అనేదాన్ని. తాత మాత్రం ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆయనా తాతను బావా అనేవాడు. మిగతాదంతా మలాయ్ భాషలోనే మాట్లాడుకునేవాళ్ళు. బాతిన్‌కు వచ్చిన తెలుగు మాటలు మూడే: బావా, ఉప్పు, చారు. నానమ్మ చేసే చారు ఆయనకు మందులాంటిది. అరచేతిలో పోయించుకుని తాగి, ముక్కు తుడుచుకుని, ఇంకా పొయ్యమన్నట్టు చెయ్యి చాపేవాడు. నానమ్మ గొణుక్కుంటూనే పోసేది, ఆయన వచ్చే రోజున మిరియాలు ఇంకో నాలుగు దంచేది.

కొట్టు అంటే పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, చెక్క గోడలు. ఎండు చేపలు, కిరసనాయిలు, పొగాకు, తడిసిన గోనె, పైన అడవి తేనె, ఇన్ని వాసనలూ కలిసి ఒక వాసన అయిపోయేవి. సెలవులయ్యాక ఇపోలో నా గౌన్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నేను ఉప్పు బస్తాల వెనక కూర్చుని చదువుకునేదాన్ని. ఎవరైనా సరుకు కోసం వస్తే తల వంచేసేదాన్ని. ఈ గుంట నోట్లో ముత్యాలున్నాయేటి, తెరిస్తే రాలిపోతాయేటి అని అత్త వచ్చినవాళ్ళందరికీ వినబడేలా అనేది. నోరు లేకపోయినా నా దొంగతనాలు నాకుండేవి. తేనె డబ్బా మూతకు పెట్టిన మైనం గోటితో గీకి, వేలు ముంచి నాకి, మైనం మళ్ళీ అతికించేదాన్ని. చీమలు నన్ను పట్టించేవి.

బాతిన్ తాత నన్ను ఎప్పుడూ మాట్లాడించలేదు. వచ్చీ రాగానే నా వైపు చూడకుండా బస్తా మీద ఏదో ఒకటి పెట్టి, అరుగు మీదకు వెళ్ళి కూర్చునేవాడు. రెండు రంబుతాన్ పళ్ళు, ఒక నీలం రంగు ఈక, ఒకసారి ఆకులో చుట్టిన బతికున్న పేడపురుగు. ఆయన అటు తిరిగాక నేను అది తీసుకుని, ఆ చోట నాది ఏదైనా పెట్టేదాన్ని. పెన్సిలు ముక్క, బిస్కెట్టు, పుస్తకంలోంచి చింపిన ఏనుగు బొమ్మ. వెళ్ళేటప్పుడు ఆయన దాన్ని చాలా గంభీరంగా పరీక్షించి, సంచిలో వేసుకునేవాడు. ఒక పెద్దమనిషి నాతో బేరం చేస్తున్నాడన్న గర్వం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆయన ఊరు పైన కొండ మీద, మూడు గంటల నడక. ఫోన్లు అక్కడికి రాలేదు. మళ్ళీ ఎప్పుడు కలవాలో ఇద్దరూ తాళ్ళతో గుర్తు పెట్టుకునేవాళ్ళు. చెట్టు నారతో పేనిన రెండు తాళ్ళు తీసుకుని రెండింటికీ సమానంగా ముడులు వేస్తారు. ఒకటి బాతిన్‌ది, ఒకటి తాతది. తాడు ఇచ్చిన రోజు ముట్టుకోకూడదు. మర్నాటి పొద్దున నుంచి రోజుకొక ముడి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన రోజున కలవాలి. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని తాత అనేవాడు. గోడకు చైనా కొట్టువాళ్ళు ఇచ్చిన పెద్ద క్యాలెండరు ఉండేది, కానీ అది తాతకు బస్తాలు ఎప్పుడు వస్తాయో చూసుకోవడానికి మాత్రమే. బాతిన్ విషయంలో తాడే లెక్క.

నా పదకొండో ఏట నానమ్మ పోయింది. ఆ ఏడాది మధ్యలో, కొన్నాళ్ళు స్కూలు మాన్పించి నన్నూ తీసుకెళ్ళారు. దినం ఎప్పుడు చెయ్యాలన్న దాని మీద చిన్న గొడవ జరిగింది. మర్నాటి నుంచి లెక్కపెట్టాలని మావయ్య అన్నాడు. ఇపో నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఒప్పుకోలేదు, పోయిన రోజే ఒకటో రోజని, ఆ మాత్రం తెలియకుండా పోయిందా ఈ అడవిలో ఉండి అని కోప్పడ్డాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేను ఆ రాత్రి డైరీలో "మొదటి రోజు కూడా లెక్కే" అని రాసి, కింద గీత గీశాను. పెద్దవాళ్ళు తిట్లు తిన్న విషయం నాకు తెలిసిపోయిందని సంతోషం.

సెలవులకు మళ్ళీ వెళ్ళేసరికి తాత కళ్ళు పాలపొర కమ్మి ఉన్నాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడేది కాదు. అయినా తడుముకుంటూ ఉప్పు కొలిచేవాడు. ఒక మధ్యాహ్నం బాతిన్ తాత అరుగు మీద కూర్చుని ఉండగా మావయ్య ఒక ఉత్తరం తెచ్చాడు. భూముల ఆఫీసు నుంచి. అడవి అంచున నేల ఒక పామాయిలు కంపెనీకి ఇచ్చారు, గీసిన గీత లోపలికి తాత ఇల్లు, కొట్టు, తాత పెట్టిన దురియాను పళ్ళ చెట్లు వచ్చాయి. గీత గీయక ముందు నుంచే ఇక్కడ ఉన్నాడని రుజువైతే ఆ ముక్క వదిలేస్తారు. ఫలానా రోజున అధికారి వస్తాడు, చూసినవాళ్ళుంటే ఆ రోజు హాజరు కావాలి. మావయ్య మలాయ్‌లో చదివి వినిపించాడు. తాత దగ్గర ఉన్న అనుమతి కాగితాలన్నీ ఏడాదికొకసారి మార్చుకోవలసినవి. పాతవి చెదలు తినేశాయి.

"చూసినవాడు ఒక్కడే ఉన్నాడు," అన్నాడు తాత, అరుగు వైపు తిరిగి. బాతిన్ నవ్వి, ఆ మొద్దు ఎక్కడుందో కూడా చూపిస్తానన్నాడు.

వానకు ముందే కొండ ఎక్కాలని ఆయన తొందరలో ఉన్నాడు. తాత నార తాళ్ళు తీసి, ముడి వెయ్యబోయి ఆగాడు. క్యాలెండరు కనబడదు. మావయ్య అప్పటికే షిఫ్టుకు బండి తీశాడు. అత్తకు ఈ తాళ్ళ పని అంటే చిరాకు.

"గుంటా, నువ్వు రా," అన్నాడు తాత. "సదువుకున్నదానివి. ఈయాల్టి నుంచి ఆ దొర వచ్చే రోజు దాకా ఎన్నాల్లో లెక్కెట్టి, రెండిటికీ అన్ని ముడులెయ్యి."

నేను బస్తాల వెనక నుంచి లేచి వచ్చాను. అందరూ నన్నే చూస్తున్నారు. క్యాలెండరు మీద ఆ రోజు అంకె మీద వేలు పెట్టి ఒకటి అనుకున్నాను. మొదటి రోజు కూడా లెక్కే. అధికారి వచ్చే రోజు మీదకు వేలు వెళ్ళేసరికి పదమూడు వచ్చింది. రెండు తాళ్ళకూ పదమూడేసి ముడులు, ఒకదానికొకటి సమాన దూరంలో, చాలా అందంగా వేశాను. తాత ఎన్నని అడగలేదు. బాతిన్ తాత తన తాడు మెడలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు బస్తా మీద ఏమీ పెట్టలేదు. నాకు అది గొప్పగా అనిపించింది, నన్ను పెద్దదానిగా లెక్కేశాడని.

తాత తాడులో ముడి విప్పే పని కూడా నాకే వచ్చింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున, పళ్ళు తోముకోక ముందే, ఒకటి విప్పేదాన్ని. అది తాత నాకు నేర్పిన పద్ధతే. మధ్యలో తాత దురియాను చెట్ల కింద గడ్డి పీకించాడు, అరుగు కడిగించాడు, అధికారి కోసం ఒక మంచి కాఫీ కప్పు కొనిపించాడు. ఆ ఇంట్లో ఎవరో పెళ్ళికి వస్తున్నట్టు ఉండేది. అక్కడి నుంచి పంపేస్తే ఎక్కడికి వెళ్ళాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. తాత మాత్రం ఒకసారి తనలో తాను అనుకున్నట్టు, ఫ్లాటులో కిటికీ తెరిస్తే ఏటుంటాది అన్నాడు.

అధికారి వచ్చే ముందు రోజు పొద్దున ముడి విప్పాక ఇంకా రెండు మిగిలాయి.

మొదట తాడే తప్పనుకున్నాను. క్యాలెండరు దగ్గరకు వెళ్ళి మళ్ళీ వేలు పెట్టాను. మర్నాడే అధికారి. ముడులు రెండు. అప్పుడు తెలిసింది. తాడు ఇచ్చిన రోజున ముడి విప్పరు కాబట్టి ఆ రోజును లెక్కలో వెయ్యకూడదు. చావుకు వేసే లెక్క తాడుకు వేశాను. బాతిన్ తాత దగ్గర కూడా ఈ పొద్దున రెండు మిగిలి ఉంటాయి. ఆయన ఎల్లుండి వస్తాడు.

మావయ్యకు ఆ రోజు సెలవు. వాకిట్లో లుంగీ ఎగ్గట్టి బండి కడుగుతున్నాడు. ఇప్పుడే బయలుదేరి కొండ ఎక్కితే మధ్యాహ్నానికి బాతిన్ ఊరు చేరొచ్చు. ఒక్క మాట చెబితే చాలు. నేను గడప మీద నిలబడ్డాను. మావయ్య చక్రాల ఊచలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాడు. గొలుసుకు నూనె రాశాడు. ఏటలా సూస్తన్నావని అడిగాడు కూడా. ఏమీ లేదన్నాను. తాత లోపల నుంచి, మా గుంట ఉంటే నాకు కళ్ళున్నట్టే అని అత్తతో అంటున్నాడు.

అప్పుడే లోపలికి వెళ్ళి రెండో ముడి విప్పేశాను. విప్పిన చోట నార వంకరగా ఉండిపోయింది. నోటి తడి చేసి, రెండు చేతులా లాగి నిటారు చేశాను. బాతిన్ తాత ఒక్కోసారి ఒకరోజు ముందే దిగి వచ్చి కొట్టులో పడుకునేవాడు. ఈసారీ వస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం తాత తాడు తీసుకుని తడిమాడు. ఒకటే ముడి. "రేపే," అని తృప్తిగా మేకుకు తగిలించాడు.

అధికారి చెడ్డవాడు కాదు. బురద బూట్లు అరుగు కింద విప్పి, మనుషులున్న ఇంట్లోకి వచ్చినట్టే వచ్చాడు. తాత ఇచ్చిన కాఫీ తాగాడు. మీరు వచ్చింది ఏ సంవత్సరం అని అడిగాడు. తాతకు సంవత్సరాలు తెలియవు. ఎస్టేటు వదిలిన రోజు, మొద్దు, ఉప్పు, జ్వరం, అన్నీ మలాయ్‌లో చెప్పుకొచ్చాడు. అధికారి కొంచెం రాసుకున్నాడు. చూసినవాళ్ళున్నారా అంటే, ఉన్నాడు, వస్తాడు అన్నాడు తాత. గంటకొకసారి అడిగినప్పుడల్లా అదే మాట. మధ్యలో లేచి అరుగు చివరకు వెళ్ళి, కళ్ళు కనబడవు కాబట్టి, చెవి అడవి వైపు తిప్పి నిలబడేవాడు. మావయ్య తెల్లారకముందే షిఫ్టుకు వెళ్ళిపోయాడు. పంపడానికి ఇంకెవరూ లేరు. నేను బస్తాల వెనక కూర్చుని ఒకే పేజీని చదువుతున్నాను. మధ్యాహ్నం దాటాక అధికారి తన కప్పు తానే కడిగి బోర్లించి, తాత చెయ్యి పట్టుకుని, చూసినంత మటుకు రాస్తానని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు ఎండ కాయక ముందే బాతిన్ తాత వచ్చాడు. వెంట ఊరివాళ్ళు ఇద్దరు. ఎప్పుడూ చొక్కా వేసుకోని మనిషి ఆ రోజు మడతలు పడ్డ తెల్ల చొక్కా వేసుకున్నాడు, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. ముడులన్నీ విప్పేసిన తాడును రెండు చేతుల్లో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

తాత లేవలేదు. "నిన్న నువ్వెక్కడున్నావు?" అన్నాడు మలాయ్‌లో.

"ఇవాళే కదా బావా."

"నా తాడు నిన్నే అయిపోయింది. కంపెనీ వాళ్ళు నీకు ఏమిచ్చారు?"

ఆ మాట అన్నాక అత్త కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాతిన్ తాత మెట్లెక్కి వచ్చి మేకు మీది తాడు తీశాడు. రెండు తాళ్ళూ పక్కపక్కన పట్టుకుని బొటనవేలితో పై నుంచి కిందకు తడుముతూ వచ్చాడు. ముడి విప్పిన ప్రతి చోటా నారకు చిన్న వంకర ఉంటుంది. ఒక్క చోట, తాత తాడు మీద, ఆయన వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడే ఆగింది. తల ఎత్తి ఉప్పు బస్తాల వైపు చూశాడు.

నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఎంతసేపు చూశాడో తెలియదు. తరవాత తాడును జాగ్రత్తగా మేకుకు తగిలించి, తెచ్చిన తేనె అరుగు మీద పెట్టి, దిగి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన కొట్టుకు రాలేదు. తాత తేనె పారబోయించాడు.

ఆరు నెలల్లో ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. బాతిన్ ఆ రోజు వచ్చినా ఏమీ ఆగేది కాదని, ముందే అంతా అయిపోయిందని అత్త ఇప్పటికీ అంటుంది. అయ్యుండొచ్చు. నిద్ర పట్టనప్పుడు నేనూ ఆ మాట అనుకుంటాను. కానీ నేల పోయినందుకు తాత ఎవరినీ తిట్టలేదు. బావ రాలేదనే తిట్టేవాడు. ఇపోలో మా నాలుగో అంతస్తు ఫ్లాటులో, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేవాడు. యాభై ఏళ్ళ స్నేహం, ఒక్క రోజు రమ్మంటే రాలేదు. వాళ్ళు పాపం అని తల ఊపేవాళ్ళు. నేను వాళ్ళకు కాఫీలు ఇచ్చేదాన్ని.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి, మిల్లు దగ్గరికి మారిపోయిన అత్తావాళ్ళ దగ్గరికి వెళ్ళి వస్తున్నాను. మావయ్య నన్ను బస్సు ఎక్కించడానికి బండి మీద తెచ్చి, పెట్రోలు పోయించుకోవడానికి ఆగాడు. రోడ్డు పక్కన తాటాకుల నీడలో పెతాయ్ అమ్ముతూ బాతిన్ తాత కూర్చుని ఉన్నాడు. చాలా చిన్నవాడైపోయాడు. నేను దాటిపోదామనుకున్నాను. ఆయనే చెయ్యి ఎత్తాడు. దగ్గరికి వెళ్ళాను. బండ్లు వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాడు. బావ ఎలా ఉన్నాడని అడిగాడు. కళ్ళు పూర్తిగా పోయాయని చెప్పాను.

"అయితే ఇలా చెప్పు," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "ఒక పొద్దున ముడి విప్పడం నేను మరిచిపోయానని చెప్పు. ముసలివాణ్ణి అయిపోయాను, మరిచిపోయానని చెప్పు. వేరే ఏమీ చెప్పకు."

నేను అప్పుడైనా నిజం చెప్పి ఉండాలి. ఆయనకు తెలుసని నాకు తెలుసు. మావయ్య హారన్ కొట్టాడు. నేను తల ఊపి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం తాతకు ఆ మాట అప్పచెప్పాను. మొదటిసారి ఒక అబద్ధం నా నోట్లోంచి అంత తేలిగ్గా, తడబడకుండా వచ్చింది. ఇద్దరికీ మంచే చేస్తున్నానని అనిపించింది. తాత సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అన్నీ అడిగాడు. ఎక్కడ కూర్చున్నాడు, చొక్కా వేసుకున్నాడా, పళ్ళున్నాయా. మాట చెప్పేటప్పుడు ఎటు చూస్తున్నాడని అడిగాడు. రోడ్డు వైపు అన్నాను. ఆ తరవాత తాత అన్నం సగంలో వదిలేశాడు.

నాలుగు రోజులకు ఆసుపత్రిలో తాత పోయాడు. బాతిన్ తాత ఇంకో అయిదేళ్ళు బతికాడని ఈ మధ్యనే అత్త చెప్పింది. ఆ అయిదేళ్ళలో ఇపో నుంచి ఆ రోడ్డు మీదుగా నేను చాలాసార్లు బస్సులో వెళ్ళాను. ఆ పెట్రోలు బంకు వచ్చే ముందు ప్రతిసారీ పుస్తకం తెరిచేదాన్ని.

తాత నాతో ఆఖరుసారి మాట్లాడింది ఆసుపత్రిలో కాదు. అక్కడ ఆయనకు తెలివి లేదు. మాట అప్పచెప్పిన మర్నాడు పొద్దున, నేను వరండాలో కూర్చుని స్కూలు బూట్లు వేసుకుంటుంటే, కుర్చీలోంచి నా వైపు చెయ్యి చాపాడు. గాలిలో తడిమి నా తల దొరికాక అక్కడే ఉంచాడు. కింద బస్సు వచ్చి ఆగింది. వెళ్ళాలి తాతా అన్నాను.

"ఎల్లు. గుంటా, ఆడు ముడి మర్సిపోయే మనిషి కాడు. నువ్వే ఎల్లి ఆడికి సెప్పు, తాతకి తెలిసిపోయిందని."